బరువైన బండికి మన్నికైన టైరు.. ఎంపికలో మెలకువలు

* కొలత, భారం, తయారీ తేదీ చూశాకే ధర
* గాలి తగ్గితే ఆయుష్షు తగ్గినట్లే
* అరిగిన టైరుతో ఆదా చేసేది వందలు.. పణంగా పెట్టేది ప్రాణం

అనంతపురం: నాలుగు వరుసల రహదారులు వచ్చిన తరువాత బుల్లెట్ వంటి బరువైన మోటారు సైకిళ్లపై దూర ప్రయాణాలు చేసేవారు పెరిగారు. బెంగళూరుకో, హైదరాబాదుకో బస్సు కోసం ఎదురుచూడకుండా తెల్లవారుజామునే బండి తీసేవారు ఉన్నారు. భార్యాబిడ్డలతో శ్రీశైలం, తిరుపతి యాత్రలకు బండిపైనే వెళ్లేవారూ ఉన్నారు. బండి కొనేటప్పుడు ఇంజను, రంగు, శబ్దం గురించి నలుగురిని విచారించేవారు, టైరు మార్చవలసి వచ్చేసరికి మాత్రం ‘ఎక్కువ రోజులు వచ్చేది ఒకటి వేయండి’ అని దుకాణదారుకే వదిలేయడం పరిపాటి. ఎక్కువ రోజులు రావడం మంచిదే. అయితే టైరు ఎన్ని వేల కిలోమీటర్లు తిరుగుతుందన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆ చివరి కిలోమీటరు వరకు తడి రోడ్డుపై బండిని నిలబెట్టగలదా అన్నది మిగిలిన సగం. ఈ రెండింటికీ సమాధానం ఇచ్చే టైరునే మన్నికైన టైరు అనాలి.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. అన్నింటికీ టైరే కారణమని చెప్పలేము. కానీ కారుకు నాలుగు టైర్లుంటే, మోటారు సైకిలుకు ఉన్నవి రెండే. కారు టైరు పగిలితే బండి ఒక పక్కకు లాగుతుంది. మోటారు సైకిలు టైరు పగిలితే మనిషి రోడ్డుపై పడతాడు. అందుకే టైరు ఎంపికను చిన్న ఖర్చుగా చూడరాదు.

అరచేయంత రబ్బరుపైనే భారమంతా

బండి ఎంత పెద్దదైనా, వేగం ఎంత ఉన్నా, నేలను తాకేది ఒక్కో టైరులో దాదాపు అరచేయంత భాగం మాత్రమే. బండి కదలాలన్నా, ఆగాలన్నా, మలుపు తిరగాలన్నా ఆ కొద్దిపాటి రబ్బరే ఆధారం. కారు నిటారుగా ఉండి మలుపు తిరుగుతుంది. మోటారు సైకిలు పక్కకు వాలి తిరుగుతుంది. అందుకే దాని టైరును గుండ్రటి వంపుతో తయారు చేస్తారు. నేరుగా వెళ్లేటప్పుడు మధ్యభాగం, వాలినప్పుడు అంచులు నేలను తాకుతాయి.

జాతీయ రహదారిపై గంటల తరబడి నేరుగా వెళ్లే బండికి వెనుక టైరు మధ్యలోనే అరిగిపోతుంది. కొంతకాలానికి గుండ్రటి వంపు పోయి చదునుగా తయారవుతుంది. అంచుల్లో గాడులు ఇంకా లోతుగా కనిపిస్తుంటాయి కనుక యజమాని టైరు బాగానే ఉందనుకుంటాడు. కానీ మలుపులో బండిని వాల్చగానే చదును భాగం నుంచి అంచుకు ఒక్కసారిగా మారి, బండి తూలినట్లవుతుంది. దూర ప్రయాణపు బండికి టైరు ఎంచుకునేటప్పుడు గుర్తించవలసిన మొదటి సమస్య ఇదే.

రబ్బరులోనే రహస్యం

చెట్టు నుంచి కారే రబ్బరు పాలు తెల్లగా ఉంటాయి. పచ్చి రబ్బరు ఎండకు మెత్తబడి, చలికి గట్టిపడుతుంది. దానికి గంధకం కలిపి వేడి చేస్తే దృఢంగా మారుతుందని అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నారు. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన టైరును రూపొందించారు. తరువాతి కాలంలో కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి పొడిని కలపడం మొదలైంది. అది కలిపిన రబ్బరు అరుగుదలను ఎంతో తట్టుకుంటుంది. టైరు నల్లగా ఉండడానికి కారణం ఇదే. తడి రోడ్డుపై పట్టు పెంచడానికి నేడు సిలికాను కూడా కలుపుతున్నారు.

సాధారణంగా రబ్బరు గట్టిదైతే నెమ్మదిగా అరుగుతుంది కానీ రోడ్డును అంతగా పట్టుకోదు. మెత్తనిదైతే గట్టిగా పట్టుకుంటుంది కానీ త్వరగా అరుగుతుంది. కేవలం మన్నిక చూసి మరీ గట్టి రబ్బరు టైరు వేయించుకుంటే ఎండాకాలమంతా బాగుందనిపిస్తుంది. తొలకరి జల్లుకు రోడ్డుపై పేరుకున్న నూనె, దుమ్ము కలిసి జారుడుగా మారిన రోజున దాని లోపం బయటపడుతుంది.

ఈ చిక్కుకు పరిష్కారంగా వచ్చినవే రెండు రకాల రబ్బరుతో తయారైన టైర్లు. వీటిని డ్యూయల్ కాంపౌండ్ టైర్లంటారు. మధ్యభాగంలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు ఉంటుంది. నేరుగా వెళ్లేటప్పుడు మన్నిక, మలుపులో పట్టు రెండూ దక్కుతాయి. ఎక్కువగా జాతీయ రహదారులపై తిరిగే బరువైన బండికి, ఆ కొలతలో దొరికితే, ఈ రకం మేలైనది. ధర కొంత ఎక్కువైనా మధ్యభాగం త్వరగా చదును కాదు కనుక గిట్టుబాటవుతుంది.

రేడియలా? బయాసా?

టైరు లోపల రబ్బరుకు బలాన్నిచ్చేవి దారపు పొరలు. ఈ పొరలు ఒకదానిపై ఒకటి ఏటవాలుగా పరచి ఉంటే బయాస్ టైరు. ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా పరచి, పైన పట్టీ చుట్టి ఉంటే రేడియల్ టైరు. బయాస్ టైరు పక్క గోడలు గట్టిగా ఉంటాయి. గతుకులను, అధిక భారాన్ని బాగా తట్టుకుంటుంది. రేడియల్ టైరు వేగంలో తక్కువ వేడెక్కుతుంది. నేలపై సమంగా ఆనుతుంది. బయాస్ పొరలపైనే అదనంగా పట్టీ చుట్టిన రకం మూడోది. దీనికి టైరు కొలతలో ‘బి’ అక్షరం కనిపిస్తుంది. బరువైన క్రూయిజర్ బండ్ల వెనుక చక్రానికి ఇది తరచుగా వస్తుంది.

ఏది గొప్ప అన్న వాదన కంటే, తయారీ సంస్థ ఏది సూచించిందన్నదే ముఖ్యం. ఒక బండికి ముందు బయాస్, వెనుక రేడియల్ ఇచ్చి ఉంటే అది ఆలోచించి చేసిన ఏర్పాటు. సొంత నిర్ణయంతో ముందొకటి, వెనుకొకటి మార్చితే బండి నడక చెడుతుంది.

టైరు గోడపై రాసినది చదవాలి

టైరు పక్క గోడపై ఉన్న అంకెలు, అక్షరాలు అలంకారం కోసం కాదు. బండి యజమాని తెలుసుకోవలసిన సమాచారమంతా అక్కడే ఉంటుంది. 2021లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 నమూనానే తీసుకుంటే, దాని వెనుక టైరుపై 120/80-18 62పి అని ఉంటుంది. 120 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే ఎత్తు వెడల్పులో 80 శాతమని అర్థం. 18 అంటే చక్రం రిమ్ము వ్యాసం అంగుళాల్లో. పాత బుల్లెట్లపై 3.25-19 అని ఉంటుంది. అక్కడ వెడల్పు కూడా అంగుళాల్లోనే చెబుతారు.

చివర ఉన్న 62 అనే అంకెను చాలామంది పట్టించుకోరు. నిజానికి బరువైన బండికి ఇదే కీలకం. ఇది టైరు మోయగల గరిష్ఠ భారాన్ని తెలిపే సూచిక. అది నేరుగా కిలోలు కాదు. 54 అంటే 212 కిలోలు, 57 అంటే 230, 62 అంటే 265, 66 అంటే 300, 71 అంటే 345 కిలోలు. ఆ తరువాతి అక్షరం వేగ పరిమితి. ‘పి’ అంటే గంటకు 150 కిలోమీటర్లు, ‘ఎస్’ అంటే 180, ‘హెచ్’ అంటే 210. కొత్త టైరుకు ఈ రెండు సూచికలూ పాతదానికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. తక్కువగా మాత్రం ఉండరాదు.

తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 3524 అని ఉంటే 2024వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఐ గుర్తు కూడా చూసుకోవాలి. ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్ల ప్రమాణం ఐఎస్ 15627. టైర్లకు ఈ ముద్రను తప్పనిసరి చేస్తూ కేంద్రం 2009లో ఉత్తర్వు తెచ్చింది. పక్క గోడపై ఉండే బాణం గుర్తు చక్రం తిరిగే దిశను తెలుపుతుంది. బిగించేటప్పుడు ఇది తిరగబడితే గాడులు నీటిని సరిగా తోసివేయలేవు.

బరువు లెక్క ఇలా..

క్లాసిక్ 350 బండి బరువు ఇంధనంతో కలిపి 195 కిలోలు. నడిపేవారు 70 కిలోలు, వెనుక కూర్చున్నవారు 60 కిలోలు, సామాను సంచులు 30 కిలోలు అనుకుంటే మొత్తం 355 కిలోలు. వెనుక మనిషి, సామాను ఉన్నప్పుడు భారంలో అధికభాగం వెనుక చక్రంపైనే పడుతుంది. మూడింట రెండు వంతులు పడుతుందనుకున్నా 237 కిలోలు. 62 సూచిక ఉన్న టైరు మోయగలిగేది 265 కిలోలు. అంటే మిగిలింది 28 కిలోలే. ఈ స్థితిలో వెనుక ఒక పాతిక కిలోల బియ్యం సంచి కట్టినా, మధ్యలో ఒక పిల్లవాడిని కూర్చోబెట్టినా టైరు తన హద్దుకు చేరుకుంటుంది.

పైగా 265 కిలోలన్నది టైరులో పూర్తి గాలి ఉన్నప్పటి లెక్క. గాలి తగ్గితే మోయగల శక్తీ తగ్గుతుంది. కొలత ఒక్కటే చూసి తక్కువ భార సూచిక ఉన్న చవక టైరు వేయించుకుంటే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది. ఇంతకంటే బరువైన బండ్లకు జాగ్రత్త ఇంకా అవసరం. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 బరువు 241 కిలోలు. అందుకే దాని వెనుక టైరుకు 71 సూచిక ఇచ్చారు.

లావు టైరు మోజు వద్దు

బుల్లెట్‌కు వెనుక లావు టైరు వేయించడం కొందరు యువకులకు ముచ్చట. చూడటానికి ఠీవిగా ఉండవచ్చు. కానీ ప్రతి రిమ్ముకూ దాని వెడల్పుకు తగిన టైరు ఉంటుంది. సన్నటి రిమ్ముపై లావు టైరు బిగిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి వంపు ఎక్కువవుతుంది. నేలను తాకే భాగం పెరగకపోగా మధ్యభాగమే అధికంగా అరుగుతుంది. టైరు చైనుకో, మడ్‌గార్డుకో రాసుకునే ప్రమాదమూ ఉంది. బండి మలుపు తిప్పడం బరువవుతుంది. ఎక్కువ రబ్బరు ఉంటే ఎక్కువ కాలం వస్తుందన్నది అపోహ.

అమెరికాలో హోండా గోల్డ్‌వింగ్ వంటి భారీ బండ్ల యజమానులు కొందరు మన్నిక కోసం వెనుక చక్రానికి ఏకంగా కారు టైరు బిగించుకుంటారు. కారు టైరు చదునుగా ఉంటుంది కనుక నెమ్మదిగా అరిగే మాట వాస్తవమే. కానీ బండి వాలినప్పుడు అది అంచుపై నిలబడవలసి వస్తుంది. రిమ్ముపై టైరు కూర్చునే తీరు కూడా రెండింటికీ వేరు. అందుకే మోటారు సైకిలు టైర్ల తయారీ సంస్థలు దీనిని అంగీకరించవు. లారీ టైర్లకు రీట్రేడింగ్ సాధారణమే అయినా, మోటారు సైకిలు టైరుకు ఆ పని చేయించరాదు.

ట్యూబా? ట్యూబ్‌లెస్సా?

పుల్లల చక్రాలున్న బుల్లెట్లకు ఎక్కువగా ట్యూబు టైర్లే ఉంటాయి. అల్లాయ్ చక్రాలకు ట్యూబ్‌లెస్ టైర్లు వస్తాయి. మేకు గుచ్చుకుంటే ట్యూబులో గాలి క్షణాల్లో పోవచ్చు. ట్యూబ్‌లెస్ టైరులో మేకు అలాగే ఉండి గాలి నెమ్మదిగా తగ్గుతుంది. వేగంగా వెళ్లే బండికి ఈ తేడా ప్రాణాలు కాపాడుతుంది. పంక్చరు వేయడానికి చక్రం ఊడదీయనక్కర లేదు.

అలాగని పుల్లల చక్రంపై ట్యూబు తీసేసి ట్యూబ్‌లెస్‌గా నడపడం తగదు. పుల్లలు దిగిన రంధ్రాల గుండా గాలి పోతుంది. అందుకోసమే తయారైన రిమ్ము ఉంటే తప్ప ఆ ప్రయత్నం చేయరాదు. ట్యూబు టైరు మార్చిన ప్రతిసారీ కొత్త ట్యూబు, రిమ్ము లోపలి పట్టీ కూడా మార్చడం మేలు. పాత ట్యూబు సాగిపోయి ఉంటుంది. కొత్త టైరులో మడతపడి, ఆ మడత దగ్గరే చిరుగుతుంది. టైరుకు వేలు పెట్టి ట్యూబు దగ్గర వందలు మిగుల్చుకోవడం తెలివైన పని కాదు.

దారిని బట్టి టైరు

ఏ దారిలో ఎక్కువగా తిరుగుతామన్నది ముందుగా తేల్చుకోవాలి. 44వ నంబరు జాతీయ రహదారిపై గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా బెంగళూరుకు తరచూ వెళ్లేవారికి తక్కువ గాడులు, మధ్యలో గట్టి రబ్బరు ఉన్న రోడ్డు టైరు అనుకూలం. పెద్ద బటన్ల టైరు ఈ దారికి పనికిరాదు. బటన్లు వేడెక్కి త్వరగా అరుగుతాయి. శబ్దం చేస్తాయి. తడి తారుపై పట్టు కూడా తక్కువే.

సగం తారు, సగం మట్టి దారుల్లో పొలాలకు, పల్లెలకు తిరిగేవారికి మధ్యలో నిరంతరాయమైన రబ్బరు, అంచుల్లో ఓ మోస్తరు బటన్లు ఉన్న మిశ్రమ రకం తగినది. కర్నూలు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమల ఘాట్‌లో శ్రీశైలం వెళ్లేవారు, అరకు ఘాట్ ఎక్కేవారు అంచుల్లో మెత్తటి రబ్బరు ఉన్న టైరును ఎంచుకోవాలి. ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు భారం ముందు టైరుపై పడుతుంది. వెనుక టైరు కొత్తదై ముందుది గుండు టైరుగా ఉంటే ఘాట్‌లో మరింత ప్రమాదం.

రోడ్డు ఉపరితలం కూడా టైరు ఆయుష్షును నిర్ణయిస్తుంది. గరుకు సిమెంటు రోడ్డు, కంకర తేలిన తారు రోడ్డు టైరును ఎక్కువగా గీకుతాయి. ఒకే రకం టైరు ఒకరికి ఎక్కువ దూరం వచ్చి, మరొకరికి తక్కువ దూరం రావడానికి బరువు, వేగం, రోడ్డు, గాలి ఈ నాలుగే ముఖ్య కారణాలు. అందుకే పొరుగువారికి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందన్న మాటను యథాతథంగా తీసుకోరాదు.

ధర కాదు.. కిలోమీటరు ఖర్చు చూడాలి

ఉదాహరణకు ఒక టైరు ధర రూ.3 వేలు, అది 10 వేల కిలోమీటర్లు వస్తుందనుకుంటే కిలోమీటరుకు 30 పైసలు. మరొకటి రూ.4,500, అది 18 వేల కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 25 పైసలే. బిగింపు కూలి, కొత్త ట్యూబు ఖర్చు కలిపితే చవక టైరు మరింత ఖరీదవుతుంది. అయితే ఈ లెక్క వేసేటప్పుడు గాడులు పూర్తిగా పోయేవరకు కాక, మార్చవలసిన గుర్తు వచ్చేవరకే కిలోమీటర్లు లెక్కించాలి. గుండు టైరుపై తిరిగిన దూరాన్ని లాభంలో చూపరాదు.

బరువైన బండ్లకు వెనుక టైరు ముందుదానికంటే త్వరగా అరుగుతుంది. ఇంజను లాగుడు, అధిక భారం రెండూ దానిపైనే పడతాయి. కనుక మన్నికను వెనుక టైరులో, పట్టును ముందు టైరులో ఎక్కువగా చూసుకోవడం మంచి పద్ధతి.

ఎంఆర్‌ఎఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్ వంటి దేశీయ సంస్థలు, మిషెలిన్, పిరెల్లి, మెట్జెలర్ వంటి విదేశీ సంస్థలు బరువైన బండ్ల కొలతల్లో టైర్లు తయారు చేస్తున్నాయి. తెలుగు రాష్ట్రాలకూ టైర్ల పరిశ్రమతో అనుబంధం ఉంది. సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో కర్మాగారాలు ఉన్నాయి. అయితే ఒకే సంస్థలోనూ మన్నికకు ఒక రకం, పట్టుకు మరో రకం ఉంటాయి. కంపెనీ పేరు చెప్పి టైరు అడగడం కంటే, బండి కొలత, భార సూచిక, తిరిగే దారి చెప్పి అడగడం ఉత్తమం.

గాలిలోనే సగం ఆయుష్షు

ఎంత మంచి టైరు కొన్నా గాలి సరిగా లేకపోతే వృథా. గాలి తగ్గిన టైరు తిరిగిన ప్రతిసారీ పక్క గోడలు నలిగి, లోపల వేడి పుడుతుంది. మండు వేసవిలో తారు రోడ్డు వేడి దీనికి తోడవుతుంది. పైన భారం, లోపల వేడి కలిసి పొరలు విడిపోతే టైరు పగులుతుంది. గాలి మరీ ఎక్కువైతే మధ్యభాగం మాత్రమే నేలను తాకి త్వరగా అరుగుతుంది. పట్టు కూడా తగ్గుతుంది.

ఒక్కరే వెళ్లేటప్పుడు ఎంత, వెనుక మనిషి ఉన్నప్పుడు ఎంత అన్నది బండితో వచ్చిన పుస్తకంలో పీఎస్‌ఐ లెక్కలో ఉంటుంది. కొన్ని బండ్లకు చైను కవరు దగ్గర స్టిక్కరు కూడా ఉంటుంది. అదే ప్రమాణం. టైరు గోడపై ఉండేది గరిష్ఠ పరిమితి మాత్రమే. దానిని చూసి గాలి పట్టించరాదు. గాలిని ఉదయం బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ప్రయాణంలో టైరు వేడెక్కితే పీడనం పెరిగినట్లు కనిపిస్తుంది. అది సహజం. అప్పుడు గాలి తీసేస్తే చల్లబడ్డాక తక్కువవుతుంది. వారానికి ఒకసారి, దూర ప్రయాణానికి ముందు తప్పనిసరిగా చూసుకోవాలి. జేబులో పట్టే చిన్న గేజి ఒకటి కొనుక్కుంటే పెట్రోలు బంకు మీటరుపై ఆధారపడనక్కర లేదు.

నైట్రోజన్ నింపితే టైరు ఎక్కువ కాలం వస్తుందన్న ప్రచారం ఉంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. ఏది నింపినా పీడనం సరిగా ఉండడమే ప్రధానం.

అరుగుదలే రోగాన్ని చెబుతుంది

టైరు అరిగిన తీరును చూసి బండిలో లోపాన్ని గుర్తించవచ్చు. ఒక పక్కే అరిగితే వెనుక చక్రం వరుస తప్పిందని అనుమానించాలి. చైను బిగించేటప్పుడు రెండు వైపులా గీతలు సమానంగా పెట్టకపోతే ఇలా జరుగుతుంది. ముందు టైరు ఎగుడుదిగుడుగా, గిన్నెల్లా అరిగితే గాలి తక్కువగా ఉందనో, ముందు ఫోర్కు బలహీనపడిందనో భావించాలి. పుల్లలు వదులై రిమ్ముకు బెండు వస్తే టైరు అక్కడక్కడా అరుగుతుంది. ఈ లోపాలు సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే పాడవుతుంది.

కొత్త టైరు నునుపుగా ఉంటుంది. తొలి 150-200 కిలోమీటర్లు వేగం, వాలుడు, గట్టి బ్రేకు తగ్గించి నడిపితే పైపొర అరిగి పట్టు వస్తుంది. మెరుపు కోసం టైరుపై నూనె, పాలిష్ పూయడం కూడదు. గట్టిగా లాగించడం, అవసరం లేకున్నా వెనుక బ్రేకు తొక్కి జార్చడం టైరు ఆయుష్షును హరిస్తాయి.

ఎప్పుడు మార్చాలి?

ద్విచక్ర వాహనపు టైరు గాడుల లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 94వ నిబంధన చెబుతోంది. దీనిని కొలవడానికి పరికరం అవసరం లేదు. టైరు గాడుల అడుగున చిన్న రబ్బరు మెట్లు ఉంటాయి. అవి ఉన్నచోట పక్క గోడపై టీడబ్ల్యూఐ అక్షరాలో, చిన్న త్రిభుజమో ఉంటుంది. పైభాగం అరిగి ఆ మెట్లతో సమానమైతే టైరు పని అయిపోయినట్లే. అయితే ఇది చట్టం చెప్పిన కనీస హద్దు. గాడి లోతు తగ్గేకొద్దీ నీటిని తోసివేసే శక్తి తగ్గుతుంది కనుక, హద్దుకు దగ్గరపడిన టైరును తొలకరికి ముందే మార్చడం వివేకం.

గాడులు ఉన్నా వయసు మీరిన టైరును నమ్మరాదు. ఎండకు, గాలికి రబ్బరు గట్టిపడి సన్నటి పగుళ్లు వస్తాయి. ఐదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణులతో పరీక్ష చేయించాలని, పదేళ్లు నిండితే ఎలా ఉన్నా మార్చాలని టైర్ల తయారీ సంస్థలు సూచిస్తున్నాయి. పక్క గోడపై ఉబ్బు, కోత, దారాలు కనిపించడం వంటివి ఉంటే ఆ రోజే మార్చాలి. ఇంట్లో ఎక్కువ కాలం కదలకుండా ఉండే బండిని నడి స్టాండుపై నిలిపితే టైరు ఒకేచోట నొక్కుకుపోదు.

ప్రయాణంలో టైరు పగిలితే కంగారుగా బ్రేకు వేయరాదు. హ్యాండిలును రెండు చేతులా నేరుగా పట్టుకుని, యాక్సిలరేటరును నెమ్మదిగా తగ్గించి, పగలని చక్రం బ్రేకును మెల్లగా వాడుతూ రోడ్డు పక్కకు చేరాలి.

కొనేటప్పుడు ఇవి మరవవద్దు

* పాత టైరు గోడపై ఉన్న కొలత, భార సూచిక, వేగ అక్షరం కాగితంపై రాసుకుని దుకాణానికి వెళ్లాలి.

* తయారీ వారం, సంవత్సరం స్వయంగా చూసుకోవాలి. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న టైరు తగ్గింపు ధరకు ఇచ్చినా తీసుకోరాదు.

* టైరు క్రమ సంఖ్య రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. తయారీ లోపం తేలితే బదులు టైరు పొందడానికి అదే ఆధారం. కొత్త టైర్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో ఇది సరిగా ఉందో లేదో చూడాలి.

* బిగింపు సమయంలో దగ్గరుండి బాణం దిశ, వాల్వు నిటారుగా ఉందా లేదా చూసుకోవాలి. చక్రం సమతూకం కూడా చేయించాలి.

* దుకాణదారు న్యాయమైన ఫిర్యాదును పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌నూ ఆశ్రయించవచ్చు.

టైరును చివరి దారం కనిపించేవరకు వాడటం పొదుపు అనిపించుకోదు. తగిన టైరు ఎంచుకుని, వారానికి ఐదు నిమిషాలు గాలికి కేటాయించి, గుర్తు రాగానే మార్చేవారికి ఖర్చూ తగ్గుతుంది, ప్రయాణమూ క్షేమంగా సాగుతుంది. ఈసారి బండి కడిగేటప్పుడు ట్యాంకు తుడిచే గుడ్డతోనే టైరు గోడ కూడా తుడిచి, అక్కడి నాలుగంకెల తయారీ తేదీ చదివితే సగం పని పూర్తయినట్లే.